ట్రిమ్ చెయ్యడమంటే మిక్స్ వెయ్యడం కాదు

కొత్తగా పెద్ద ఆర్సీ విమానం కొన్న ప్రతివాళ్ళూ నన్ను అడిగే మొదటి ప్రశ్న ఒకటే. "మీరు ఏ మిక్సులు పెట్టారో చెప్పండి, నేనూ అవే పెట్టేసుకుంటా" అని. నేను చెప్పను. పిసినారి అనుకుంటారు, అనుకోనీండి. పక్కింటాయన కళ్ళజోడు పెట్టుకుని పేపరు చదివితే ఎలా ఉంటుందో, పక్కవాడి విమానం మిక్సులు మన విమానానికి పెడితే అలాగే ఉంటుంది. పైగా మిక్సుతో మొదలుపెట్టినవాడికి అసలు రోగం ఎక్కడుందో తెలిసే అవకాశం చాలా తక్కువని నా గట్టి అభిప్రాయం. ఇది ఎక్కడో చదివి ఏర్పరచుకున్న అభిప్రాయం కాదు. చేతులు కాలాక పట్టుకున్న ఆకు.

ఈ గోల తెలియనివాళ్ళ కోసం ముందు నాలుగు ముక్కలు చెప్తాను, తెలిసినవాళ్ళు ఓపిక పట్టండి.

నేను ఎగరేసేది ఎక్స్‌ట్రా 300 కుటుంబానికి చెందిన విమానానికి 35 శాతం నమూనా. అసలు ఎక్స్‌ట్రా 300ని జర్మనీలో వాల్టర్ ఎక్స్‌ట్రా అనే ఆయన డిజైన్ చేశాడు. 1988లో మొదటిసారి ఎగిరింది. గాల్లో పిల్లిమొగ్గలు వెయ్యడానికే పుట్టిన విమానం అది. నా దగ్గరున్న దానికి రెక్క ఈ చివరి నుంచి ఆ చివరికి 104 అంగుళాలు, 100 సీసీ పెట్రోల్ ఇంజను, బరువు 27 పౌన్లు. అంటే 12 కిలోల పైచిలుకు. మా ఆవిడ దృష్టిలో అది "గరాజ్‌లో కారు పట్టకుండా చేసిన బొమ్మ". కాదనలేను, కారు నిజంగానే బయట ఎండలో ఉంటోంది (డాలస్ ఎండ సంగతి తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు).

ఐతే బొమ్మ అన్నమాట మాత్రం ఒప్పుకోను. 12 కిలోల వస్తువు గంటకి 100 కిలోమీటర్ల వేగంతో పోతోందంటే, లెక్క కట్టి చూడండి, దాదాపు 40 మీటర్ల ఎత్తు నుంచి పడ్డ వస్తువుకుండే శక్తి దానికి ఉంటుంది. సులువుగా చెప్పాలంటే 13వ అంతస్తు మీద నుంచి 12 కిలోల బియ్యం మూట కిందకి జారవిడిచినట్టు. పైగా ముందు ఒక ప్రొపెల్లర్ తిరుగుతూ ఉంటుంది. అందుకని ట్రిమ్ అనేది పోటీల్లో మార్కుల కోసం చేసుకునే సింగారం కాదు.

ట్రిమ్ అంటే ఏంటి? కర్ర వదిలేస్తే విమానం తన దారిన తాను తిన్నగా పోవాలి. ఒక కర్ర కదిపితే ఒకే పని జరగాలి. ఎలివేటర్ లాగితే ముక్కు లేవాలి, అంతే. దానితోపాటు ఓ రెక్క వాలకూడదు. రడ్డర్ వేస్తే ముక్కు పక్కకి తిరగాలి గానీ విమానం బోర్లా పడబోకూడదు. మిక్స్ అంటే, ఇలా కోరని పని ఏదైనా జరుగుతుంటే దానికి విరుగుడుగా రేడియోలో ఉన్న కంప్యూటర్ రెండో ఉపరితలాన్ని తనంతట తానే కొంచెం కదపడం. "ఎలివేటర్ లాగినప్పుడల్లా ఐలరాన్‌ని 2 శాతం కుడికి వెయ్యి" అని చెప్పామనుకోండి, వేస్తుంది. ఎందుకు అని మాత్రం అడగదు. అక్కడే ఉంది తిరకాసు.

ఇక నా కథకి వస్తాను.

విమానం కట్టాక మొదటి ఎనిమిది ఫ్లైట్లు హాయిగా గడిచాయి. తొమ్మిదో ఫ్లైట్లో ఎలివేటర్ గట్టిగా లాగినప్పుడు ఎడమ రెక్క కాస్త వాలుతోందనిపించింది. దీనికి అందరూ చెప్పే కారణం ఒకటుంది, ఎడమ రెక్క బరువెక్కువ అని. మామూలుగా ఎగిరేటప్పుడు కొద్దిపాటి బరువు తేడా కనిపించదు. గట్టిగా లాగినప్పుడు విమానం బరువు ఐదారు రెట్లు అయినట్టు ఉంటుంది గనక, ఆ తేడా కూడా ఐదారు రెట్లై రెక్క వాలుతుంది. సరే కదా అని కుడి రెక్క చివర అర ఔన్సు సీసం అంటించాను. కొంచెం తగ్గింది. మిగిలినదానికి ఎలివేటర్ నుంచి ఐలరాన్‌కి 2 శాతం మిక్స్ పెట్టాను. తిన్నగా లేచింది. హమ్మయ్య అనుకున్నాను.

14వ ఫ్లైట్లో మళ్ళీ వాలింది. 4 శాతం చేశాను. 18వ ఫ్లైట్లో మళ్ళీ. 6 చేశాను. ప్రతిసారీ తిన్నగా లేచింది, ప్రతిసారీ నేను మహా ట్రిమ్మర్‌నని భుజం తట్టుకున్నాను. నిజానికి నేల మీద రెండు ఎలివేటర్లనీ పక్కపక్కన పోల్చి చూశాను కూడా. (పెద్ద విమానాల్లో ఎడమ సగానికి ఒక సర్వో, కుడి సగానికి ఒక సర్వో విడివిడిగా ఉంటాయి.) రెండూ సమానంగానే కదిలాయి. ఇంకేం, ఎలివేటర్ తప్పు లేదని తీర్మానించేశాను.

19వ ఫ్లైటు నాడు నాతోపాటు ఆఫీసులో నా టీములోనే పనిచేసే కుర్రాడూ, ఎనిమిదేళ్ళ వాడి కొడుకూ వచ్చారు. పిల్లాడికి విమానాలంటే పిచ్చి. నేను కొంచెం షో చేద్దామనుకున్నాను, అబద్ధమెందుకు. బాగా ఎత్తు నుంచి నిట్టనిలువుగా కిందకి దింపి, వేగం అందుకున్నాక గట్టిగా లాగాను. ఎడమ రెక్క వాలడం కాదు, విమానం ఏకంగా ఎడమకి పొర్లింది. ముక్కు రన్‌వే దాటి మేం నిలబడ్డ వైపుకి తిరిగింది. థ్రాటిల్ మూసి, ఐలరాన్ కుడికి చివరిదాకా కొట్టి, ఎలివేటర్ వదిలేశాను. రన్‌వే మీద ఇరవై అడుగుల ఎత్తులో సర్దుకుని వెళ్ళింది. ఇంకో సెకను ఆలస్యం చేస్తే ఏమయ్యేదో నేను రాయను.

దింపేశాక పిల్లాడు పరిగెత్తుకుంటూ వచ్చి "అంకుల్, అదెందుకు అలా వంకర తిరిగింది?" అన్నాడు.

"ట్రిమ్ నాన్నా, ఇప్పుడే సరిచేసేస్తా" అని రేడియో చేతిలోకి తీసుకుని మిక్స్ పేజీ తెరిచాను. 8 పెడదామని.

ఇప్పటికీ నాకు భయం వేసేది విమానం పొర్లినందుకు కాదు. అంత జరిగాక కూడా నా చెయ్యి ముందు వెళ్ళింది స్క్రూడ్రైవర్ మీదకి కాదు, ఆ అంకె మీదకి. అదీ నా భయం.

మా ఫీల్డులో ఒక పెద్దాయన ఉన్నాడు. రిటైరైన మెకానిక్, అమెరికన్, మిక్సులే లేని రేడియోల కాలం నుంచీ ఎగరేస్తున్నాడు. మామూలుగా ఎవరికీ సలహా ఇవ్వడు. ఆ రోజు కుర్చీలోంచి లేచి వచ్చాడు.

"ఇప్పుడెంత ఉంది?" అన్నాడు.

"ఆరు."

"మొన్న?"

"నాలుగు. అంతకుముందు రెండు."

"ఐతే వచ్చేవారం పది పెడతావా?"

నేను మాట్లాడలేదు. ఆయన రేడియో ఆన్ చెయ్యమన్నాడు, నన్ను ఎలివేటర్ లాగి పట్టుకోమన్నాడు. ఎడమ సగాన్ని వేళ్ళతో గట్టిగా కిందకి నొక్కాడు. కదల్లేదు. కుడి సగాన్ని నొక్కాడు. చప్పుడు లేకుండా అర అంగుళం దిగిపోయింది. సర్వో కదల్లేదు, దాని మీద ఉన్న చెయ్యి జారింది. ఆ చేతిని సర్వోకి పట్టి ఉంచే స్క్రూని చూస్తే రెండు చుట్లు ఊడి ఉంది. వేలితో తిప్పితే బయటికి వచ్చేసింది.

కట్టేటప్పుడు ఆ స్క్రూకి త్రెడ్‌లాక్ రాయడం మర్చిపోయింది ఎవరో కాదు, నేనే. పెట్రోల్ ఇంజను అదురుకి ఒక్కో ఫ్లైటుకి కొంచెం కొంచెంగా వదులవుతూ వచ్చింది. నేల మీద గాలి వత్తిడి లేదు గనక రెండు సగాలూ సమానంగా కదిలాయి. గాల్లో మాత్రం కుడి సగం గాలికి లొంగిపోయి తక్కువ కదిలేది, ఎడమ సగం పూర్తిగా కదిలి తోక ఎడమ పక్కని కిందకి నొక్కేది, విమానం ఎడమకి వాలేది. బయటికి కనిపించే లక్షణం రెక్క బరువెక్కువైనప్పుడు ఎలా ఉంటుందో అచ్చం అలాగే. నేను 2, 4, 6 అని మందు పెంచుతున్న కొద్దీ రోగం కూడా ముదురుతూ వచ్చింది. ఇంకో నాలుగు ఫ్లైట్లు పోతే ఆ సగం మొత్తంగా వదిలేసి, గాల్లో టపటపా కొట్టుకుని, తోకనే ఊడదీసేదేమో.

పెద్దాయన ఒక్క మాట అన్నాడు. "ట్రిమ్ ఐతే ఒకచోట ఆగుతుంది. ఆగకుండా పెరుగుతోందంటే అది ట్రిమ్ కాదు, ఏదో విరుగుతోంది."

ఆ మాట విన్నాక నాకు విమానం కంటే ముందు ఆఫీసు గుర్తొచ్చింది. సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఈ కథ వేరే పేరుతో బాగా తెలుసు. ఒక సర్వీసు జవాబివ్వడం ఆలస్యమైతే టైమౌట్ 30 సెకన్ల నుంచి 60 చేస్తాం. రెండు నెలలకి 120. ప్రతిసారీ టికెట్ మూసేస్తాం, ప్రతిసారీ చప్పట్లు. అసలు ఎందుకు ఆలస్యమవుతోందని అడిగినవాడు ఆ మీటింగులో అందరికీ విసుగు. నేను కూడా ఆ చప్పట్లు కొట్టినవాడినే. తేడా ఏంటంటే, అక్కడ పడిపోతే సర్వరు పడిపోతుంది. ఇక్కడ పడే చోట ఓ పిల్లాడు నిలబడి ఉన్నాడు.

సరే, మరి ఎలా చెయ్యాలి? నేను ఇప్పుడు పాటించే వరస ఇది. ఇందులో నేను కనిపెట్టిందేం లేదు, అనుభవం ఉన్నవాళ్ళందరూ కాస్త అటూ ఇటూగా చెప్పేదే. కానీ వరస తప్పితే మాత్రం మొత్తం వృథా, ఎందుకంటే కింది మెట్టు కదిలితే పై మెట్లన్నీ కదులుతాయి.

మొదటిది గరాజ్ పని. రేడియోలో ట్రిమ్ములన్నీ సున్నా, మిక్సులన్నీ సున్నా. సర్వో చెయ్యి నడిమధ్యలో ఉన్నప్పుడు పుష్‌రాడ్‌కి లంబంగా ఉండాలి. రెండు ఎలివేటర్లూ మధ్యలో, పైన, కింద, మూడు చోట్లా కొలిచి సరిచూడాలి. తరవాత ప్రతి ఉపరితలాన్నీ చేత్తో నొక్కి చూడాలి (ఇది నేను ఖరీదైన ఫీజు కట్టి నేర్చుకున్నది). ముందు స్పిన్నర్ దగ్గర ఒకరు, వెనక తోక దగ్గర ఒకరు పట్టుకుని లేపి, ఏ రెక్క వాలుతుందో నాలుగైదుసార్లు చూడాలి. ప్రతిసారీ అదే రెక్క వాలితేనే రెండోవైపు బరువు పెట్టాలి.

రెండోది, గాలి లేని పూట, సగం థ్రాటిల్‌తో తిన్నగా, చెయ్యి వదిలేసినా పోయేలా సరిచెయ్యడం. మా టెక్సస్‌లో ఐతే పొద్దున్నే వెళ్ళాలి, పది దాటితే గాలి మన మాట వినదు. దింపాక రేడియోలో ఎంత ట్రిమ్ పడిందో చూసి, పుష్‌రాడ్ పొడవు మార్చి ఆ అంకెని మళ్ళీ సున్నాకి తేవాలి. బద్ధకించి వదిలేస్తే తరవాతి లెక్కలన్నీ వంకర పునాది మీద కట్టినట్టే.

మూడోది బరువు కేంద్రం. 45 డిగ్రీల వాలులో పైకి ఎక్కిస్తూ విమానాన్ని తలకిందులు చేసి, కర్ర వదిలెయ్యాలి. ముక్కు వెంటనే నేల వైపు వాలిపోతే ముందు బరువెక్కువ. తలకిందులుగా ఉండి కూడా ఇంకా పైకే వంపు తిరుగుతుంటే వెనక బరువెక్కువ. కాసేపు తిన్నగా పోయి మెల్లిగా వాలితే నా మటుకు చాలు. దీనికి సీసం అక్కర్లేదు, బ్యాటరీలని అర అంగుళం ముందుకో వెనక్కో జరిపితే తేడా తెలిసిపోతుంది.

నాలుగోది ఇంజను కోణం. పూర్తి థ్రాటిల్‌తో నిట్టనిలువుగా ఎక్కించి, వేగం తగ్గుతున్నప్పుడు చూడాలి. ప్రొపెల్లర్ వెనక్కి తోసే గాలి విమానం చుట్టూ మెలి తిరుగుతూ వెళ్ళి నిలువు తోకకి ఒక పక్క కొడుతుంది, దాంతో ముక్కు ఎడమకి లాగుతుంది. అందుకే ఇంజనుని కొంచెం కుడికి తిప్పి బిగిస్తారు. ఇంకా ఎడమకే లాగుతోందంటే ఇంజను వెనక ఎడమవైపు ఒక సన్నటి వాషర్ వెయ్యాలి. ఇక్కడ రడ్డర్ మిక్స్ వేసేవాళ్ళని చూశాను. పది రూపాయల వాషర్ పని కంప్యూటరుకి ఎందుకండీ?

ఇవన్నీ ఐనాకే మిక్సులు. అవును, నేను మిక్సులకి శత్రువుని కాను. థ్రాటిల్ మూసి నిట్టనిలువుగా కిందకి దింపినప్పుడు చాలా విమానాలు కాక్‌పిట్ వైపుకి కాస్త వంగుతాయి. తిన్నగా పోయేటప్పుడు విమానాన్ని మోసిన ఆ కాస్త ఎలివేటర్ కోణం, నిలువుగా దిగేటప్పుడు అక్కర్లేనిది ఐపోతుంది. అది ఎవరి తప్పూ కాదు. అలాగే విమానాన్ని పక్కకి తిప్పి ఒక్క రడ్డర్ మీద నిలబెట్టినప్పుడు ముక్కు కడుపు వైపుకో వీపు వైపుకో లాగుతుంది. ఇలాంటివి ఏ స్క్రూ బిగించినా పోవు. వీటికోసమే మిక్స్ పుట్టింది. నా విమానంలో ఇప్పుడు ఉన్నవి ఈ రెండే, ఒకటి ఒకటిన్నర శాతం, ఇంకోటి 3. నాలుగు నెలలుగా ఆ అంకెలు మారలేదు. ఆగాయన్నమాట.

ఒక్కో ఫ్లైటుకి ఒక్కటే మార్పు. ప్రతి పరీక్షా మూడుసార్లు, గాలికి ఎదురుగా, గాలితోపాటు రెండు వైపులా. అన్నీ నోట్‌బుక్‌లో రాసుకోవాలి, ఎందుకంటే మన జ్ఞాపకం మనకి నచ్చిందే గుర్తుపెట్టుకుంటుంది. నేను ముందే రాసుకుని ఉంటే 2, 4, 6 అనే వరస ఒక్క పేజీలో కళ్ళెదుట కనిపించేది.

"ఇంత చాదస్తం ఎందుకు, ఈ రోజుల్లో రిసీవర్లోనే జైరో వస్తోందిగా, అదే సరిచేస్తుంది" అనేవాళ్ళు చాలామంది. మా టీము కుర్రాడు కూడా "అన్నా, జైరో పెట్టేస్తే పోయేది కదా" అన్నాడు. నా జవాబు ఒకటే. మిక్స్ కనీసం ఒక అంకె చూపిస్తుంది, 6 అయ్యిందని చూసి ఎవరో ఒకరు ప్రశ్న అడగగలిగారు. జైరో ఆ అంకె కూడా చూపించదు. లోలోపల ఎంత కష్టపడుతోందో మనకి చెప్పకుండా సరిచేస్తూ పోతుంది, ఇక చేతకానప్పుడు ఒక్కసారిగా చేతులెత్తేస్తుంది. నా స్క్రూ కథలో జైరో ఉండి ఉంటే నాకు ఆ 19వ ఫ్లైటు హెచ్చరిక కూడా వచ్చేది కాదు, నేరుగా చివరి ఫ్లైటే. ఈదురుగాలిలో దింపుకోడానికి జైరో మంచి సాయం, కాదనను. కానీ ట్రిమ్ పూర్తయిన విమానానికి పెట్టుకోండి, ట్రిమ్ బదులు పెట్టుకోవద్దు. ఐమాక్, ఎఫ్3ఏ లాంటి ఏరోబాటిక్స్ పోటీల్లో జైరోలు నిషేధం. ఎగరేసేవాడి చెయ్యి ఎంత, విమానం ఎంత అని తేలాలంటే మధ్యలో అబద్ధం చెప్పేవాడు ఉండకూడదు కదా.

ఇంకో వాదన కూడా విన్నాను. "మేం పోటీలకి వెళ్ళం, ఆదివారం సరదాగా ఎగరేస్తాం, మాకెందుకు ఇదంతా" అని. సరదా మీది, ఒప్పుకుంటాను. కానీ పక్కన నిలబడ్డవాళ్ళు ఆ సరదాకి సంతకం పెట్టలేదు. పది మార్కుల రోల్ చెయ్యడం రాకపోయినా ఫర్వాలేదు, లాగినప్పుడు ఎటు పోతుందో తెలియని 12 కిలోల వస్తువుని మాత్రం జనం దగ్గర తిప్పకండి.

ఆ రోజు స్క్రూకి త్రెడ్‌లాక్ రాసి బిగించాను. మిగతా స్క్రూలన్నీ విప్పి చూస్తే ఇంకోటి కూడా అలాంటిదే దొరికింది. కుడి రెక్క చివర సీసం పీకేశాను. మిక్స్ 6 నుంచి సున్నా చేశాను. త్రెడ్‌లాక్ పూర్తిగా ఆరాలని ఆ రోజు మళ్ళీ ఎగరెయ్యలేదు. వారం తరవాత 20వ ఫ్లైట్లో గట్టిగా లాగితే గీత గీసినట్టు తిన్నగా లేచింది. తొమ్మిదో ఫ్లైటు నుంచీ నేను చేసినవాటిలో పనికొచ్చింది ఒక్కటీ లేదు, అన్నీ తీసేస్తేనే విమానం బాగుపడింది.

ఆ పిల్లాడు మళ్ళీ వచ్చినప్పుడు వాడికి ఆ స్క్రూ చూపించి, "ఆ రోజు ట్రిమ్ అని చెప్పాను చూడు, కాదు నాన్నా, ఇది బిగించడం మర్చిపోయాను" అని చెప్పాను. వాడు దాన్ని కాసేపు తిప్పి తిప్పి చూసి, "ఇంత చిన్నదా?" అన్నాడు. ఇప్పుడు ఫీల్డుకి వచ్చినప్పుడల్లా, నేను ఇంజను స్టార్ట్ చెయ్యకముందే ఎలివేటర్లు రెండూ వాడే నొక్కి చూస్తాడు. నేను ఆగుతాను.